ఇంటి లైనక్స్ నుంచి మెయిల్ పోవట్లేదా?

ప్రశ్న: ఇంట్లో ఉబుంటు సిస్టమ్‌లో రాత్రి బ్యాకప్ అయ్యాక మెయిల్ రావాలని పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ పంపే ప్రోగ్రామ్) పెట్టాను సార్. మెయిల్ బయటికే పోవట్లేదు, ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: టెన్షన్ పడకండి. స్పామ్ ఆపడానికి చాలా ఇంటర్నెట్ కంపెనీలు ఇళ్ల కనెక్షన్లకు 25వ పోర్టు (సర్వర్ల మధ్య మెయిల్ వెళ్లే దారి) మూసేస్తాయి, తెరిచి ఉన్నా సరే, మారిపోతుండే ఇంటి ఐపీ (ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్ చిరునామా) నుంచి వచ్చే మెయిల్‌ను అవతలి సర్వర్లు చాలావరకు నమ్మవు. అందుకే నేరుగా పంపడం మానేసి, పోస్ట్‌ఫిక్స్ సెట్టింగ్స్‌లో రిలేహోస్ట్‌గా (మన మెయిల్‌ను అందుకుని ముందుకు పంపే సర్వర్‌గా) జీమెయిల్ సర్వర్‌ను 587 పోర్టుతో ఇచ్చి, టీఎల్‌ఎస్ (దారిలో ఎవరూ చదవకుండా చేసే రక్షణ), ఎస్‌ఏఎస్‌ఎల్ లాగిన్ (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో సర్వర్‌లోకి వెళ్లే పద్ధతి) ఆన్ చేయండి. మామూలు పాస్‌వర్డ్ అక్కడ పనిచేయదు; గూగుల్ ఖాతాలో టూ-స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకుని 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోండి. ఆ పాస్‌వర్డ్ రాసిన ఫైల్‌కూ, పోస్ట్‌మ్యాప్‌తో (ఆ ఫైల్‌ను పోస్ట్‌ఫిక్స్ చదివే రూపంలోకి మార్చే కమాండ్) తయారయ్యే డేటాబేస్‌కూ 600 పర్మిషన్ (ఫైల్ యజమాని మాత్రమే చదవగలిగేలా, రాయగలిగేలా) ఇవ్వండి, ఇంట్లో వేరేవాళ్లు కూడా ఆ సిస్టమ్ వాడుతుంటే ఇది మరీ ముఖ్యం. పోస్ట్‌ఫిక్స్ రీలోడ్ చేశాక కూడా పోకపోతే మెయిల్ లాగ్ (పోస్ట్‌ఫిక్స్ ఏం చేసిందో నమోదయ్యే ఫైల్) చూడండి, కారణం అందులో దొరుకుతుంది.