డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్‌లో పీహెచ్‌డీ: బీటెక్‌లో ఉండగానే ఏం చెయ్యాలి?

కానూరులో బీటెక్ మూడో ఏడాది చదువుతున్నానని, డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్‌లో (చాలా కంప్యూటర్లు కలిసి ఒకటిగా పనిచేసే వ్యవస్థలు) పీహెచ్‌డీ చేసి ప్రొఫెసర్ కావాలని ఉందని, ఇప్పట్నుంచే ఏం చెయ్యాలని అడిగారు. గేట్ చదువు ఎలాగూ తప్పదు. దాంతోపాటు రాఫ్ట్ అనే అల్గారిథమ్‌కి మొత్తం కోడ్ మీ చేత్తో రాయండి. వంద పేపర్లు తిరగేసినా రాని పట్టు దీంతో వస్తుంది.

రాఫ్ట్ 2014లో వచ్చిన కన్సెన్సస్ అల్గారిథమ్, అంటే సర్వర్లన్నీ ఓట్లతో ఒక లీడర్‌ని ఎన్నుకుని ఒకే మాట మీద నిలిచే పద్ధతి. ఐదు సర్వర్లలో మూడు ఒప్పుకుంటే చాలు, రెండు పడిపోయినా పని ఆగదు. ఎంఐటీ 6.5840 కోర్సు ల్యాబులు టెస్టులతో సహా ఉచితంగా దొరుకుతాయి. గో భాష, మామూలు ల్యాప్‌టాప్ సరిపోతాయి. టెస్టు ఒక్కసారి పాసైతే ఏమీ తేలినట్టు కాదు, రేస్ డిటెక్టర్ (ఒకే డేటాని రెండు పనులు ఒకేసారి తాకే తప్పుల్ని పట్టే సాధనం) పెట్టి రాత్రంతా తిప్పండి.

తప్పులు ఎక్కువగా దొర్లే చోట్లు చెబుతాను. టర్మ్ (ఎన్నిక విడత సంఖ్య), ఓటు, లాగ్ (వచ్చిన ఆదేశాల జాబితా) డిస్క్‌కి ఎక్కకముందే జవాబు పంపేస్తే, పడి లేచిన సర్వర్ అదే టర్మ్‌లో ఇంకొకరికి ఓటేస్తుంది, ఇద్దరు లీడర్లు తయారవుతారు. ఆలస్యంగా వచ్చిన పాత టర్మ్ జవాబుని ఇప్పటి లెక్కలో కలిపేయడం ఇంకో తప్పు. అన్నిటికన్నా చిక్కైనది కమిట్ నియమం, అంటే లాగ్‌లోని ఎంట్రీ ఎప్పుడు ఖాయమైనట్టో చెప్పేది. పాత టర్మ్ ఎంట్రీ మెజారిటీ సర్వర్లకి చేరినంత మాత్రాన ఖాయమైనట్టు కాదు. ప్రస్తుత టర్మ్ ఎంట్రీ ఒకటి మెజారిటీకి చేరాకే దాని ముందున్నవీ ఖాయమవుతాయి. రాఫ్ట్ పేపర్‌లో ఎనిమిదో బొమ్మ దీని గురించే. కాగితం మీద ఐదు సర్వర్లకి ఐదు వరసలు గీసి అడుగడుగూ నడిపి చూడండి.

తర్వాత మీరు కట్టినదాన్ని మీరే చెడగొట్టండి. ల్యాబులోది ఉత్తుత్తి నెట్‌వర్క్ కాబట్టి, సర్వర్లని వేర్వేరు ప్రాసెస్‌లుగా నిజమైన నెట్‌వర్క్ కనెక్షన్లతో నడపండి. లినక్స్‌లో టీసీ కమాండ్‌తో నెట్‌ఎమ్ (నెట్‌వర్క్‌లో కావాలని ఆలస్యం పుట్టించే సాధనం) పెట్టి లూప్‌బ్యాక్ (యంత్రం తనతో తాను మాట్లాడుకునే నెట్‌వర్క్ దారి) మీద 100 మిల్లీసెకన్ల ఆలస్యం ఇస్తే, పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ కలిపి 200 అవుతుంది. పేపర్‌లోని 150–300 మిల్లీసెకన్ల టైమవుటే (లీడర్ కబురు రాకపోతే ఎన్నికకి దిగేముందు సర్వర్ ఆగే సమయం) ఉంచితే చాలాసార్లు ఓట్లు తిరిగొచ్చేలోపే ఇంకో సర్వర్ పోటీకి దిగుతుంది, ఎన్నిక తేలదు. చచ్చిన సర్వర్‌కీ నెమ్మదైన సర్వర్‌కీ తేడా తెలియదన్న మాట అక్కడ కళ్లకి కడుతుంది. ఆలస్యానికి హద్దు లేనిచోట ఒక్క సర్వర్ పడిపోయే వీలున్నా కన్సెన్సస్ ఖాయంగా తేల్చలేమని చూపిన ఫిషర్, లించ్, ప్యాటర్సన్‌ల 1985 పేపర్ అప్పుడు చదవండి, గడియారాల మీదా సంఘటనల వరస మీదా లాంపోర్ట్ రాసిన 1978 పేపర్ దానికన్నా ముందే.

సందేశం చేరడానికి పట్టే సమయం కొలిచేటప్పుడు జాగ్రత్త. రెండు యంత్రాల గడియారాలు ఒకటిగా నడవవు. ఒకదాని సమయంలోంచి రెండోదాని సమయం తీసేస్తే ఒక్కోసారి మైనస్ కూడా వస్తుంది. పంపిన యంత్రంలోనే మోనోటోనిక్ క్లాక్‌తో (ఎప్పుడూ వెనక్కి తిరగని గడియారం) రానూపోనూ కొలవండి. సగటొక్కటే వేస్తే చాలదు, 99వ పర్సంటైల్ (నూటికి 99 కొలతలు మించని విలువ) కూడా చూపించాలి.

ఐఐఎస్సీలోనూ ఐఐటీల్లోనూ బీటెక్ తర్వాత నేరుగా పీహెచ్‌డీకి దారి ఉంది. గైడ్‌ని ఎంచుకునేటప్పుడు ఆయన పేరు కన్నా ఆయన విద్యార్థుల పేపర్లు చూడండి: ఓఎస్‌డీఐ, ఎస్‌ఓఎస్‌పీ, ఎన్‌ఎస్‌డీఐ, యూరోసిస్ వంటి పేరున్న పరిశోధన సమావేశాల్లో వచ్చాయా, మొదటి పేరు విద్యార్థిదేనా. డబ్బు కడితే వారంలో అచ్చేసే జర్నళ్ల జోలికి మాత్రం దయచేసి వెళ్లకండి. ఆ పేపర్లు సెలెక్షన్ కమిటీ ముందు మీకే అడ్డొస్తాయి. గైడ్‌కి మెయిల్ రాసేటప్పుడు మీ కోడ్ లింకు, ఏ లోపం పెడితే ఏమైందో చెప్పే ఒక పేజీ నివేదిక, ఒక గ్రాఫ్ జతచెయ్యండి.