అద్దె కోసం ఫ్లాట్ కొనేముందు ఏరియా ఎలా చూడాలి

చి. కార్తీక్‌కు పెద్దమ్మ ఆశీస్సులు.

హైదరాబాద్‌లో అద్దెకివ్వడానికి ఫ్లాట్ కొంటానన్నావు, సంతోషం. ఏజెంటు చూపించిన, నగర శివార్లలోని కొల్లూరు ఫ్లాట్ విషయంలో మాత్రం తొందరపడకు నాన్నా. అయిదేళ్ళలో రేటు బాగా పెరుగుతుందన్న మాట నిజమే కావచ్చు. ఈ అయిదేళ్ళూ అందులో ఎవరుంటారో చూసుకోవాలి కదా! కొత్త టవర్లలో తాళాలు అందరికీ దాదాపు ఒకేసారి ఇస్తారు. నీలాగే అద్దె కోసం కొన్నవాళ్ళంతా ఆ నెలలోనే టు-లెట్ పెడతారు. ఇక అద్దె తగ్గించుకోవాలి, లేదా ఖాళీగా ఉంచి మెయింటెనెన్స్ నువ్వే కట్టుకోవాలి.

ముందు లెక్క వేసుకో. 80 లక్షల ఫ్లాట్‌కి నెలకు 22 వేలు వస్తే ఏడాదికి 2,64,000. అందులో ఒక నెల ఖాళీ, ఇంటి పన్ను, రిపేర్లు తీసేస్తే 3 శాతం కూడా మిగలదు. 60 లక్షల లోను 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ళకు తీసుకుంటే ఈఎంఐ సుమారు 52 వేలు. మిగతా 30 వేలు జీతంలోంచి టెన్షన్ లేకుండా కట్టగలిగితేనే దిగు. మిగిలేది ఇంత తక్కువ కాబట్టి, ఇల్లు ఖాళీ పడని చోటే మనకు కావాలి.

అందుకే నేను తార్నాక, హబ్సిగూడ చూడమంటాను. నాగోల్ నుంచి రాయదుర్గం వెళ్ళే మెట్రో అటే పోతుంది, హైటెక్ సిటీ ఉద్యోగులు రైలు మారక్కర్లేదు. దానికి తోడు ఉస్మానియా యూనివర్సిటీ, ఇంకా సీసీఎంబీ, ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ లాంటి సైన్సు పరిశోధన సంస్థలు ఉన్నాయి. ఐటీలో ఉద్యోగాలు తగ్గిన ఏడు కూడా సైంటిస్టులకూ, పీహెచ్‌డీ పిల్లలకూ ఇళ్ళు కావాలి. స్టేషన్ నుంచి ఇంటికి పది నిమిషాల నడక మించకూడదు. ఆ దారిలో రాత్రి ఎనిమిదింటికి నువ్వే నడిచి చూడు. వీధి దీపాలు సరిగ్గా లేకపోతే ఉద్యోగం చేసే ఆడపిల్లలు ఆ ఇంటికి రారు.

అన్నిటికన్నా నీళ్ళు ముఖ్యం. ఏప్రిల్, మే నెలల్లో వెళ్ళు. మంజీరా, కృష్ణా నీళ్ళు వస్తాయని ఓనర్లు అందరూ చెబుతారు. ఎన్ని రోజులకోసారి, ఎంతసేపు వస్తాయో వాచ్‌మన్‌ని అడుగు. బోరు ఎండిందా, వారానికి ఎన్ని ట్యాంకర్లు తెప్పిస్తున్నారో అతనికే తెలుస్తుంది. ట్యాంకర్ల ఖర్చు మెయింటెనెన్స్‌లో కలుస్తుంది, అది పెరిగితే కిరాయిదారు వెళ్ళిపోతాడు. వానాకాలం సంగతి ఇస్త్రీ బండి అతన్నీ, కిరాణా కొట్టతన్నీ అడుగు. 2020 అక్టోబరు వానలకు నగరంలో ఎన్నో కాలనీలు మునిగాయి. ఆ వీధిలోకి నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో వాళ్ళు గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. దగ్గర్లో చెరువుంటే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్ళు చేరే హద్దు), బఫర్ (దాని చుట్టూ ఇళ్ళు కట్టకూడని జాగా) హద్దులు కూడా చూడాలి. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా వచ్చాక కూల్చివేతలు చూశావుగా!

పాత అపార్ట్‌మెంట్ అని వెనకాడకు. లిఫ్టు పనిచేస్తూ, కారు పార్కింగ్ రాసిచ్చి, భూమిలో వాటా ఎక్కువుంటే కొత్తదానికన్నా అదే నయం.

ఆదివారం వస్తే ఆ వీధుల్లో టు-లెట్ బోర్డులకు ఇద్దరం ఫోన్లు చేద్దాం, ఇల్లు ఎన్నాళ్ళ నుంచి ఖాళీగా ఉందో అడుగుదాం. ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే పత్రం), ఓసీ (భవనంలో ఉండొచ్చని అధికారులిచ్చే పత్రం) లాయరు చూసేదాకా టోకెన్ అడ్వాన్స్ ఇవ్వకు.

మీ పెద్దమ్మ