ఇరాక్ మృతుల సంఖ్య: మూడు లెక్కల్లో ఏది రాయాలి?

ఇరాక్ యుద్ధంలో పోయిన పౌరులు ఎంతమందని వెతికితే ఒకచోట సుమారు 47 వేలు, ఇంకోచోట 1,51,000, మరోచోట 6,54,965 కనిపించాయని, ప్రాజెక్టులో ఏది రాయాలో తెలియక టెన్షన్‌గా ఉందని మీరు అన్నారు. మూడూ దాదాపు ఒకే కాలానివి, 2003 మార్చి నుంచి 2006 మధ్య దాకా. కాకపోతే మూడూ ఒకే ప్రశ్నకి జవాబులు కావు.

మొదటిది ఇరాక్ బాడీ కౌంట్ అనే సంస్థది. వాళ్లు ప్రధానంగా వార్తల్లో నమోదైన పౌరుల మరణాలను లెక్కపెడతారు. విలేకరి వెళ్లలేని ఊళ్లో పోయినవాళ్లు అందులోకి రారు. కాబట్టి అది కనీస సంఖ్య.

మిగతా రెండూ ఇంటింటి సర్వేలు. 1,51,000 ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఇరాక్ ప్రభుత్వం కలిసి 9,345 ఇళ్లు తిరిగి వేసిన అంచనా. హింస వల్ల పోయినవాళ్లు మాత్రమే. పెద్ద సంఖ్య 2006లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. యుద్ధం రాకపోతే జరగని మరణాలన్నీ, జబ్బులతో సహా, అందులో ఉన్నాయి. కానీ రెండు సర్వేల మధ్య తేడా జబ్బుల వల్ల వచ్చింది కాదు, లాన్సెట్ లెక్కలో 6 లక్షల దాకా హింసాత్మక మరణాలే. చూసింది 1,849 ఇళ్లు. అందుకే అంచనా హద్దులు 3,92,979 నుంచి 9,42,636 దాకా సాగాయి. ఇళ్లను ఎంచుకున్న తీరు మీద గట్టి విమర్శలొచ్చాయి.

ఏ సర్వే అయినా గుమ్మంలో నిలబడి "మీ ఇంట్లో ఎవరు పోయారు?" అనే అడుగుతుంది. కుటుంబం మొత్తం పోయిన ఇంట్లో తలుపు తీసేదెవరు? ఇది నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది.

మూడూ రాయండి, ఏది ఎలా వచ్చిందో పక్కనే చెప్పండి. సర్వే సంఖ్యలకి మాత్రం "పౌరులు" అని పెట్టకండి, వాటిలో సాయుధులూ కలిసే ఉన్నారు.