పాఠకుల ప్రశ్నలు: పాత మియాటాలో రబ్బరు వయసెంత?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే కారు గురించి. గుడ్డ టాప్ ఉన్న రెండు సీట్ల చిన్న కారు మాజ్దా మియాటా, అదీ హెడ్‌లైట్లు పైకి లేచే మొదటి తరం బండి. 1989 ఫిబ్రవరిలో చికాగో ఆటో షోలో దాన్ని మొదటిసారి చూపించారు, 1997 దాకా తయారు చేశారు. అంటే వాటిలో ఆఖరున వచ్చిన బండికి కూడా పాతికేళ్లు ఎప్పుడో దాటిపోయాయి. నా గ్యారేజీలోనూ ఒకటి ఉంది, దాని మీద చాలా ఆదివారాలు గడిపాను, అందుకే ఈ నెల మిగతా ప్రశ్నలు పక్కనపెట్టి దీనికే కూర్చున్నాను.

ప్రశ్న: అన్నా, పోయిన నెల 1992 మియాటా కొన్నాను, 98,000 మైళ్లు తిరిగింది. టైమింగ్ బెల్ట్ ఎప్పుడు మార్చారో అమ్మినాయనకే తెలీదు. అది తెగితే ఇంజన్ మొత్తం పోతుందని ఫ్రెండ్స్ అంటున్నారు, టెన్షన్‌తో బండి బయటికి తీయడం లేదు. ఇంట్లోనే మార్చుకోవచ్చా? (ఎడిసన్, న్యూజెర్సీ)

జవాబు: ముందు టెన్షన్ వదిలెయ్ తమ్ముడూ. టైమింగ్ బెల్ట్ అంటే ఇంజన్ కింద తిరిగే క్రాంక్‌షాఫ్ట్‌ని, పైన వాల్వులు తెరిచే రెండు క్యామ్‌షాఫ్ట్‌లతో కలిపే పళ్ల రబ్బరు బెల్ట్. నీ బండిలో ఉన్నది 1.6 లీటర్ ఇంజన్. బెల్ట్ తెగినా వాల్వులు పిస్టన్లకు తగలని డిజైన్ అది. చాలా కార్లలో బెల్ట్ తెగితే వాల్వులు వంగిపోయి హెడ్ (ఇంజన్ పైభాగం) విప్పాల్సి వస్తుంది, నీ ఫ్రెండ్స్ చెప్పేది వాటి సంగతి. నీ బండి అయితే ఉన్నచోట ఆగిపోతుంది, టో చేయించుకుని ఇంటికి తెచ్చుకోవాలి. ఆగేది హైవే మీద మధ్య లేన్లో అయితే అదీ చిన్న ప్రమాదం కాదు కాబట్టి మార్చు, కానీ ఇవాళే ఇంజన్ పోతుందన్న భయం వద్దు.

కంపెనీ 60,000 మైళ్లకు మార్చమంది. పాత బండి విషయంలో ఆ లెక్క సగమే. రబ్బరు తిరిగినా తిరక్కపోయినా ముసలిదవుతుంది. 20,000 మైళ్లే తిరిగి పదిహేనేళ్లు షెడ్డులో పడి ఉన్న బెల్ట్‌ని నేను విప్పి చేత్తో మడిచి చూశాను, పళ్ల మొదట్లో సన్నని నెర్రెలు, ఎండిన చెరువు మట్టిలా. అందుకే ఎప్పుడు మార్చారో తెలియకపోతే మార్చలేదనే అనుకోవాలి.

ఇంట్లో చేసుకోవచ్చు. మొదటిసారి అయితే రెండు రోజులు పెట్టుకో, సోమవారం ఆఫీసుకి ఆ బండే కావాలన్న పరిస్థితిలో మాత్రం మొదలుపెట్టకు. రేడియేటర్ నీళ్లు దింపి, పై గొట్టం, ముందు బెల్టులు, పుల్లీ, కవర్లు తీశాక రెండు క్యామ్ చక్రాలు కనిపిస్తాయి, ఒకదాని మీద ఐ, ఇంకోదాని మీద ఈ అని గుర్తులుంటాయి. వాటిని వెనక ప్లేటు మీది గీతలకు, కింద క్రాంక్ గుర్తును దాని గీతకు సరిగ్గా కలిపాకే పాత బెల్ట్ వదులు చెయ్యాలి. ఆ మూడు చోట్లా పాత బెల్ట్ మీదా చక్రం మీదా కలిపి తెల్ల పెయింటు చుక్క పెట్టు, కొత్తదాని మీద పళ్లు లెక్కపెట్టుకుని అవే చుక్కలు దించుకో. కొత్తది ఎక్కించి టెన్షనర్ (బెల్ట్‌ని బిగుతుగా ఉంచే పుల్లీ) బిగించాక ఇంజన్‌ని చేత్తో, రెంచ్‌తోనే, తిరగాల్సిన వైపే రెండు పూర్తి చుట్లు తిప్పి గుర్తులు మళ్లీ చూడాలి. ఈ ఒక్క పని నేను మొదటిసారి చెయ్యలేదు. ఒక పన్ను తేడా పడింది. స్టార్ట్ అయింది గానీ ఐడ్లింగ్‌లో బండి మొత్తం వణికింది, అన్నీ మళ్లీ విప్పాను.

అంతదాకా విప్పాక బెల్ట్ ఒక్కటే మార్చి మూసెయ్యకు. టెన్షనర్, ఐడ్లర్ పుల్లీలు, రెండు క్యామ్ సీళ్లు (ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగులు), ముందు క్రాంక్ సీల్, వాటర్ పంప్, అన్నీ ఆ కవర్ల వెనకే ఉంటాయి, ఆర్నెల్ల తర్వాత సీల్ కారితే ఇదే పని మొదటి నుంచి చెయ్యాలి. క్రాంక్ సీల్ కోసం మధ్య బోల్టు తీసినప్పుడు తిరిగి బిగించేది ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్‌తోనే, నీ ఏడాది మాన్యువల్లో రాసిన లెక్కకే. 1990, 1991 మొదట్లో వచ్చిన బండ్లలో ఆ క్రాంక్ ముక్కు పొట్టిది, బోల్టు సరిగ్గా బిగియకపోతే పుల్లీని జారకుండా పట్టి ఉంచే కీ గాడి అరిగిపోయి క్రాంక్‌షాఫ్టే పాడయ్యేది. పుల్లీకి నాలుగు గాడులుంటే ఆ రకం, ఎనిమిదుంటే తర్వాతది. నీది ఎనిమిదే అయ్యుండాలి, అయినా టార్చ్ వేసి ఒకసారి లెక్కపెట్టు.

ఎలాగూ నీళ్లు దింపుతావు కాబట్టి రేడియేటర్ పై ట్యాంకు రంగు చూడు. కొత్తలో అది నల్లటి ప్లాస్టిక్. పచ్చి గోధుమ రంగుకి తిరిగిందంటే పెళుసైపోయిందని అర్థం, ఏ ఎండరోజో పైన నిలువునా చీలుతుంది. గొట్టాలు కూడా నొక్కి చూడు, గట్టిగా కరకరమన్నా మరీ మెత్తగా ఉబ్బినా మార్చెయ్.

ప్రశ్న: నాది 1994 బండి. పొద్దున్నే క్లచ్ పెడల్ నేలకు అంటుకుంటుంది, నాలుగైదుసార్లు కొడితే గానీ గేర్ పడదు. ఒక షాపులో చూపిస్తే క్లచ్ మొత్తం మార్చాలి, గేర్‌బాక్స్ దింపాలి అన్నారు. నిజమేనా? (ఆస్టిన్, టెక్సాస్)

జవాబు: ఒప్పుకోకండి, ఇంకా ఒప్పుకోకండి. క్లచ్ ప్లేటు అరిగితే బండి జారుతుంది, ఎక్సలరేటర్ తొక్కితే ఇంజన్ మోత పెరుగుతుంది గానీ వేగం పెరగదు. మీరు రాసింది అది కాదు. పెడల్ కిందికి పోయి, కొడితే పైకి లేస్తుందంటే అది నూనె ఒత్తిడి సమస్య, ఈ బండిలో తొంభై పాళ్లు స్లేవ్ సిలిండరే, అంటే నూనె ఒత్తిడిని కింద క్లచ్‌కి అందించే చిన్న సిలిండర్.

బానెట్ ఎత్తి డ్రైవర్ వైపు గోడ మీదున్న చిన్న క్లచ్ డబ్బా చూడండి, ఫ్లూయిడ్ తగ్గి ఉంటుంది, ఉన్నది కూడా టీ డికాషన్‌లా నల్లగా ఉంటుంది. తర్వాత బండి కిందికి వెళ్లి (స్టాండ్లు పెట్టాకే, దాని గురించి చివర్లో రాశాను) గేర్‌బాక్స్ ముందుభాగంలో కుడి పక్కన బొటనవేలంత రబ్బరు బూటు వెతకండి. దాని అంచు గోటితో కొంచెం పైకి లేపితే తడి చేతికి తగులుతుంది. అదే మీ రోగం. లోపలున్న రబ్బరు సీల్ ఎండి ఫ్లూయిడ్ వదిలేస్తోంది. స్లేవ్ రెండు బోల్టుల పని, గేర్‌బాక్స్ కదిలించక్కర్లేదు. అదే వయసు సీళ్లు పైన పెడల్ దగ్గర ఆ ఒత్తిడి పుట్టించే మాస్టర్ సిలిండర్లోనూ ఉంటాయి, కింద కొత్తది పెడితే కొన్నాళ్లకు పైది మొదలవుతుంది కాబట్టి రెండూ ఒకేసారి మార్చమంటాను, మధ్యలో ఉన్న రబ్బరు గొట్టం కూడా.

కొత్తవి పెట్టాక గొట్టంలో చేరిన గాలి తీసేటప్పుడు ఇద్దరు కావాలి. మా ఇంట్లో పెడల్ దగ్గర నా భార్య కూర్చుంటుంది. "తొక్కు" అంటే తొక్కి పట్టుకోవాలి, కింద నేను స్లేవ్ మీద గాలి వదిలే నిపుల్ పావు తిప్పు వదులుతాను, బుడగలు వస్తాయి, మళ్లీ బిగించాకే "వదులు" అంటాను. ఈ వరస తప్పితే గాలి వెనక్కి లాగేస్తుంది. మధ్యమధ్యలో డబ్బాలో ఫ్లూయిడ్ అడుగంటకుండా పోస్తుండాలి. డాట్ 3 బ్రేక్ ఫ్లూయిడ్ వాడండి. పెయింటు మీద ఒక్క చుక్క పడినా వెంటనే నీళ్లతో కడగండి, తెల్లారి చూస్తే పెయింటు లేచిపోయి ఉంటుంది.

ప్రశ్న: ఇంజన్ వెనక, గేర్‌బాక్స్ కలిసే చోట ఆయిల్ కారుతోంది. రేర్ మెయిన్ సీల్ పోయిందంటున్నారు. (శాన్ హోసే, కాలిఫోర్నియా)

జవాబు: క్రాంక్‌షాఫ్ట్ వెనక చివర ఆయిల్ ఆపే సీల్ అది, పోయి ఉండొచ్చు, కానీ ముందు పైన చూడండి. సిలిండర్ హెడ్ వెనక, గోడకు ఆనుకుని క్యామ్ యాంగిల్ సెన్సర్ (క్యామ్ ఏ స్థానంలో ఉందో కనిపెట్టేది) ఉంటుంది, దానికో చిన్న రబ్బరు ఓ రింగ్. కొత్తది టీ ఖర్చుకి వస్తుంది. పాతది ఎండి ప్లాస్టిక్ గాజులా గట్టిపడుతుంది, అక్కడి నుంచి ఆయిల్ హెడ్ వెనక జారి సరిగ్గా మీరు చెప్పిన చోటే చుక్కలు కడుతుంది. కింద నుంచి చూసినవాళ్లకు మెయిన్ సీల్‌లాగే కనిపిస్తుంది. అక్కడంతా శుభ్రంగా తుడిచి, రెండు రోజులు నడిపి, అద్దం ముక్కా టార్చీ పట్టుకుని పై నుంచి కిందికి చూసుకుంటూ రండి, తడి ఎక్కడ మొదలైందో అదే కారణం. వాల్వ్ కవర్ గాస్కెట్ వెనక మూల కూడా వదలకండి. సెన్సర్ తీసేముందు అది ఉన్న స్థానానికి పెయింటు గీత పెట్టండి, అది కాస్త తిరిగితే ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే సమయం) మారిపోతుంది. పెట్టాక టైమింగ్ లైట్ తెచ్చి, బానెట్ కింద డయాగ్నసిస్ అని రాసి ఉన్న పెట్టెలో టెన్, జీఎన్‌డీ అన్న రెండు పిన్నులూ వైరుతో కలిపి, 10 డిగ్రీలు ఉందో లేదో చూసుకోండి. చోటు చాలా ఇరుకు, బోల్టు కంటికి కనపడదు, వేళ్లతో తడిమే తీయాలి. ఓపిక పట్టండి.

ప్రశ్న: వాన పడితే సీట్ల వెనక కార్పెట్ తడిసిపోతోంది. టాప్ గుడ్డ కొత్తదే వేయించాను. (సియాటెల్)

జవాబు: గుడ్డ తప్పు కాదు. టాప్ మీద పడ్డ నీళ్లు వెనక ఉన్న ప్లాస్టిక్ కాలవలోకి వచ్చి, సీట్‌బెల్ట్ స్తంభాల వెనక రెండు వైపులా ఉన్న గొట్టాల్లో దిగి, వెనక చక్రాల ముందు బయటికి పోవాలి. ఆ గొట్టాల్లో ఆకులు, దుమ్ము పేరుకుంటే నీళ్లు లోపలికి తిరుగుతాయి. కార్పెట్ తడిస్తే ఆరబెట్టుకోవచ్చు, అదే నీరు తలుపు కింద సిల్‌లో నిలిస్తే రేకు లోపలి నుంచి తుప్పు పట్టి పెయింటు బుడగలు లేచేదాకా మనకు తెలీదు, అప్పటికి వెల్డింగే గతి. మియాటాలు స్క్రాప్‌కి వెళ్లేది ఎక్కువగా ఇందుకే, నాకు నిజంగా బాధ కలిగించే సంగతి ఇది. గడ్డి కోసే మిషన్లో వాడే లావు నైలాన్ దారం పై నుంచి మెల్లగా దూర్చి ఆడించండి. గట్టిగా గాలి కొట్టకండి, లోపల గొట్టం ఊడుతుంది. తర్వాత మగ్గుతో నీళ్లు పోసి రెండు వైపులా సమానంగా కింద పడుతున్నాయో లేదో చూడండి. సియాటెల్లో ఉన్నారు కాబట్టి ఆకులు రాలే కాలంలో నెలకోసారి.

ప్రశ్న: హైదరాబాద్‌కి ఇలాంటిదొకటి దిగుమతి చేసుకోవచ్చా?

జవాబు: ఈ వయసున్న సెకండ్ హ్యాండ్ కారుకి మన రూల్స్ ఒప్పుకోవు. మీ ఇంట్లో నాన్నగారి ప్రీమియర్ పద్మిని ఉందని రాశారు, ఇలాగే ముసలివయ్యే రబ్బరు గొట్టాలు, సీళ్లు, ఫ్యాన్ బెల్టు దానికీ ఉన్నాయి. వాటితో మొదలుపెట్టండి, ఏ భాగం ఎలా ఉందో రాస్తే వచ్చే నెల జవాబిస్తాను.

ప్రశ్న: మా అబ్బాయి కాలేజీలో ఉన్నాడు, పాత మియాటా కొన్నాడు, సెలవులకు వస్తే రోజంతా దాని కిందే. నాకు గుండె దడ. ఏం చెప్పాలో తెలీడం లేదు. (ఫ్రిస్కో, టెక్సాస్)

జవాబు: అమ్మా, మీ భయం న్యాయమైనది. పని మాన్పించకండి, పద్ధతి నేర్చుకున్నాడో లేదో మాత్రం మీరే చూడండి. జాక్ అనేది ఎత్తడానికి మాత్రమే, దాని మీద నిలిపిన కారు కింద తల కాదు చెయ్యి కూడా పెట్టకూడదు. సమతలంగా ఉన్న కాంక్రీటు నేల కావాలి, మీ టెక్సాస్ ఎండకు తారు మెత్తబడి స్టాండ్ కాళ్లు దిగిపోతాయి. నేల మీదుండే చక్రాలకు ముందూ వెనకా అడ్డం పెట్టాలి. ముందు ఎత్తేటప్పుడు జాక్ మధ్య క్రాస్‌మెంబర్ (ఇంజన్ కింద అడ్డంగా ఉన్న ఇనుప దూలం) కింద, వెనక ఎత్తేటప్పుడు డిఫరెన్షియల్ (వెనక చక్రాల మధ్యనున్న గేర్ల డబ్బా) కింద పెట్టి, స్టాండ్లు తలుపు కింద మందంగా ఉన్న అంచు దగ్గర పెట్టాలి. ఆ అంచు తుప్పు పట్టి ఉంటే అక్కడ పెట్టకూడదు. తీసిన చక్రాన్ని సిల్ కిందికి తోసి ఉంచమనండి, ఏదైనా జారినా కారు దాని మీద ఆగుతుంది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు కిందికి వెళ్లొద్దని మాట తీసుకోండి.

ఈసారి అతను కారు ఎత్తినప్పుడు మీరూ గ్యారేజీలోకి వెళ్లండి. స్టాండ్ల మీద పెట్టాక బానెట్ దగ్గర రెండు చేతులూ వేసి బలంగా అటూ ఇటూ ఊపి చూపించమనండి. కదిలితే దింపి మళ్లీ పెట్టాలి. కదలకపోతే కిందికి వెళ్లనివ్వండి, టార్చ్ మీరు పట్టుకోండి.