అద్దె ఫ్లాటులో ఏ తాబేలు పెంచుకోవచ్చు?

హన్మకొండ నుంచి ఒకాయన అడిగారు: "వకీల్ సాబ్, మూడో అంతస్తులో డబుల్ బెడ్‌రూం ఫ్లాటులో అద్దెకుంటున్నాం. నాలుగో తరగతి చదివే మా బిడ్డకు తాబేలు కావాలట. తెలిసినాయన నక్షత్ర తాబేలు మూడు వేలకు ఇప్పిస్తానంటున్నాడు, ఇంట్లో ఉంటే కలిసొస్తుందట. పెట్ షాపులో అడిగితే సుల్కాటా తాబేలు తీసుకోండి, ఫారిన్ జాతి కాబట్టి కేసు ఉండదన్నారు. నిన్న పాకాల దగ్గర మా బామ్మర్దికి పొలం మడిలో ఒక తాంబేలు దొరికితే టబ్బులో వేసి పెట్టాడు, అదైనా తీసుకుపొమ్మంటున్నాడు. మా ఇంటికి ఏది సరిపోతుంది?"

ముందుగా ఆ నక్షత్ర తాబేలు వద్దే వద్దు. అడ్వాన్సు ఇచ్చి ఉంటే ఆ డబ్బు పోయినా సరే, తాబేలును మాత్రం ఇంటికి తేకండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972ను 2022లో సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ సవరణ అమల్లో ఉంది. దాని ప్రకారం నక్షత్ర తాబేలు షెడ్యూల్ 1లో ఉంది, అంటే పులి ఉన్న జాబితాలోనే. నేరం రుజువైతే కనీసం మూడేళ్ల జైలు, ఏడేళ్ల దాకా పడొచ్చు, పైన జరిమానా కనీసం 25,000 రూపాయలు. అమ్మినవాడి మీదే కేసు పడుతుంది, కొన్న నాకేమవుతుంది అనుకోకండి. తాబేలు మీ ఇంట్లో దొరికిందని తేలితే చాలు, 57వ సెక్షన్ ప్రకారం అది అక్రమంగా ఉంచుకున్నదేనని కోర్టు ముందుగా అనుకుంటుంది, కాదని నిరూపించుకోవాల్సింది మీరే. బిడ్డ ముచ్చట కోసం తెచ్చామంటే ఆ సెక్షన్ ముందు నిలబడదు. కలిసొస్తుందన్న నమ్మకమే ఈ తాబేళ్లను అడవి నుంచి సంచుల్లో తరలించే వ్యాపారానికి మేత, నాకు నిజంగా బాధ కలిగించేది అదే.

ఇక సుల్కాటా. ఫారిన్ జాతికి కేసు ఉండదన్న మాట పాతబడింది. నేల మీద తిరిగే తాబేళ్ల జాతులన్నీ వన్యప్రాణుల వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం జాబితాల్లో ఉన్నాయి, అలాంటివి మన దగ్గర ఉంటే 49ఎం సెక్షన్ కింద రిజిస్టర్ చేయించాలి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నిబంధనల ప్రకారం చేతికి వచ్చిన 30 రోజుల్లోపు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో (వెబ్‌సైట్‌లో) దరఖాస్తు పెట్టాలి. పిల్లలు పుట్టినా, చనిపోయినా, ఇంకొకరికి ఇచ్చినా తెలపాలి. కాబట్టి షాపాయనను బిల్లు ఒక్కటే అడిగి ఊరుకోకండి, ఆయన పేరు మీద రిజిస్ట్రేషన్ ఉందా, ఆ పిల్ల ఇక్కడే పుట్టిందైతే తల్లి తాబేలుకు కాగితాలున్నాయా, బయటి దేశం నుంచి తెప్పించిందైతే దిగుమతి లైసెన్సు, సైటీస్ పర్మిట్ ఏవి అని అడగండి. కాగితాలు తర్వాత ఇస్తాం అంటే అక్కడి నుంచి వచ్చేయండి.

కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా సుల్కాటా మీ ఇంటికి పనికిరాదు. షాపులో అరచేతిలో పట్టేంత ఉంటుంది, అందుకే అందరూ మోసపోతారు. సహారా దక్షిణపు అంచున మెట్ట నేలల్లో బతికే జాతి అది, పెరిగితే 45 కిలోలు కూడా దాటొచ్చు, నేలలో పెద్ద బొరియ తవ్వుకుంటుంది. సొంత ఇల్లు, పెద్ద పెరడు, గట్టి ప్రహరీ ఉన్నవాళ్ల సంగతి అది. ఎర్రకాళ్ల తాబేలు ఒక అడుగు పైచిలుకే పెరుగుతుంది కానీ దక్షిణ అమెరికా అడవులది, గాలిలో తేమ కావాలి, మన వరంగల్ మే నెల వడగాడ్పుకు తట్టుకోలేదు. చిన్నదంటే రష్యన్ తాబేలు, 15 నుంచి 20 సెంటీమీటర్లు. దానికీ ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు చోటు, తవ్వుకోవడానికి మట్టి, రోజూ ఎండ లేదా ఎండలోని అతినీలలోహిత కిరణాల్లాంటివి ఇచ్చే యూవీబీ లైటు ఉండాలి, లేకపోతే డిప్ప మెత్తబడిపోతుంది. ఫ్లాటులో టైల్స్ మీద కాళ్లు జారుతుంటాయి, పడమటి బాల్కనీలో పెడితే మధ్యాహ్నం ఎండకు చచ్చిపోతుంది. పైగా ఇవి దశాబ్దాలు బతుకుతాయి, మీరు ఇల్లు మారిన ప్రతిసారీ కొత్త ఓనరును ఒప్పించాలి. నా మాట సూటిగా చెప్తున్నా, ఇప్పుడున్న ఇంటికి ఏ తాబేలూ సరిపోదు. సొంత జాగా, పెరడు ఉన్న రోజు కాగితాలున్న రష్యన్ తాబేలు గురించి ఆలోచించండి.

అక్వేరియం షాపుల్లో కళ్ల వెనుక ఎర్ర గీత ఉన్న నీటి తాబేలు చూపిస్తారు, అది కూడా వద్దు. అమెరికా జాతి, పెరిగి అక్వేరియం చాలకపోయేసరికి జనం చెరువుల్లో వదిలేస్తున్నారు, అక్కడ మన తాబేళ్ల తిండిని, చోటును అది లాక్కుంటుంది. ఇలాంటి జాతులను కట్టడి చేసే అధికారం 62ఏ సెక్షన్ కింద కేంద్రానికి ఉంది.

చివరగా బామ్మర్ది టబ్బులోది, అన్నిటికంటే తొందరగా తేల్చాల్సింది అదే. చెరువుల్లో, మళ్లల్లో ఉండే మన నీటి తాబేలు కాళ్లు ముడుచుకుంటే కింద రెండు మూతల్లాంటివి కప్పుకుంటుంది. ఇది అదే అయితే అదీ షెడ్యూల్ 1దే. వన్యప్రాణి ప్రభుత్వ ఆస్తి. అలాంటిది చేతికి వస్తే 48 గంటల్లో దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గానీ అటవీ అధికారికి గానీ చెప్పాలని 39వ సెక్షన్ అంటోంది. నిన్ననే దొరికింది కాబట్టి ఇంకా టైముంది, టెన్షన్ పడొద్దు. ఈ రోజే మీ బామ్మర్దికి ఫోన్ చేసి ఫారెస్ట్ బీట్ ఆఫీసరుకో, ఫారెస్ట్ రేంజ్ ఆఫీసుకో చెప్పమనండి. తాబేలును మీ ఇంటికి తేవొద్దు, ఎవరికీ ఇవ్వొద్దు. టబ్బును నీడలో పెట్టి, నీళ్లు తక్కువగా ఉంచి, ఎక్కడ ఎప్పుడు దొరికిందో ఒక కాగితం మీద రాసి అప్పగించినట్టు సంతకం తీసుకోమనండి.