కొత్తగా ఇన్‌చార్జి అయిన ఫైర్ సిబ్బందికి భవనాల మంటల మీద ఎత్తుగడ ఎట్లా నేర్పాలి?

అడిగిన ప్రశ్న ఇది: "వరంగల్ దగ్గర ఒక స్టేషన్‌లో ఇద్దరు లీడింగ్ ఫైర్‌మన్లు కొత్తగా ప్రమోట్ అయ్యారు. హోస్ డ్రిల్, నిచ్చెన డ్రిల్ కళ్లు మూసుకుని చేస్తారు. దుకాణమో ఇల్లో అంటుకున్నప్పుడు మాత్రం ఎవరికి ఏం పని చెప్పాలో తోచక వాళ్లే బ్రాంచ్ (హోస్ చివర నీళ్లు చిమ్మే గొట్టం) పట్టుకుని ముందుకు ఉరుకుతున్నారు. ఖర్చు లేకుండా స్టేషన్‌లోనే వీళ్లను తయారు చేయడం ఎట్లా?"

బ్రాంచ్ పట్టుకోవడంలో వాళ్ల తప్పేం లేదు. ఇన్నేళ్లూ ఆ పని బాగా చేశారనే కదా ప్రమోషన్ ఇచ్చింది. చేతికి అలవాటైన పని వదిలించకుండా తల పని నేర్పలేం. అందుకే మొదటి రోజు నుంచే ఒక షరతు పెట్టండి: డ్రిల్‌లో ఇన్‌చార్జిగా ఉన్నవాడి ఒక చేతిలో వాకీటాకీ, ఇంకో చేతిలో టార్చి. మూడో వస్తువు ముట్టుకుంటే డ్రిల్ ఆపి మళ్లీ మొదటి నుంచి. రెండు వారాల పాటు అందరికీ చిరాగ్గా ఉంటుంది, ఉండనివ్వండి.

1980లలో గ్యారీ క్లైన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఫైర్ కమాండర్లు నిర్ణయాలు ఎట్లా తీసుకుంటారో పరిశీలించాడు. నాలుగు దారులు పక్కపక్కన పెట్టి బేరీజు వేసేవాళ్లు దాదాపు లేరు. ఎదురుగా ఉన్నది ఇదివరకు చూసిన దేన్ని పోలి ఉందో పట్టుకుని, పనికొచ్చే మొదటి దారిలో దిగిపోతారు. మన చిక్కు ఇక్కడే ఉంది. ఊళ్లలోని స్టేషన్లకు వచ్చే ఫోన్లలో గడ్డివాములు, చెత్తకుప్పలు, బండ్లు ఎక్కువ. మనుషులు చిక్కుకున్న భవనం మంట ఎప్పుడో గాని రాదు. పోల్చుకోవడానికి మనసులో బొమ్మలే లేనివాడు దేంతో పోల్చుకుంటాడు? ఆ బొమ్మలు నింపడమే మీరు చేయాల్సిన శిక్షణ. చిన్నచిన్నగా, వారానికి మూడుసార్లు, ఒక్కోటి 20 నిమిషాలు చాలు. నెలకోసారి పెట్టే పెద్ద మాక్ డ్రిల్ ఫొటోలకు బాగుంటుంది గాని దీనికి పనికిరాదు.

కావలసింది సుద్దముక్క, ఫోను. వరంగల్ జేపీఎన్ రోడ్డులోనో, హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల సందుల్లోనో ఒక దుకాణాన్ని ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి ఫొటోలు తీయించండి. అదే కొలతలతో డ్రిల్ గ్రౌండులో సుద్దతో గీయండి: 12 అడుగుల వెడల్పు, 40 అడుగుల లోతు, ముందర రోలింగ్ షట్టర్, వెనక చెక్క అటక మీద సరుకు, పక్కన పై వాటాలకు పోయే ఒకే ఒక్క మెట్లదారి. ఇన్‌చార్జికి కంట్రోల్ రూమ్ నుంచి వచ్చినట్టే ఒక్క ముక్క చెప్పండి: "బట్టల దుకాణం, పొగ వస్తోంది." ఆపై అడిగినదానికే జవాబు, అడగనిది చెప్పొద్దు. వెనక వైపు తొంగి చూస్తేనే వెనక కిటికీ ఫొటో చూపించాలి, అందులో ఊచలు పట్టుకుని నిలబడ్డ మనిషి ఉండాలి. ఇరుగుపొరుగును అడిగితేనే "రాత్రి పనిపిల్లగాడు లోపలే పండుకుంటడు" అన్న మాట బయటికి రావాలి. చుట్టూ తిరగడం ఎందుకో ఉపన్యాసం ఇవ్వనవసరం లేదు, ఒక్కసారి ఆ ఫొటో మిస్సయితే చాలు.

రెండు నిమిషాలకు విజిల్. అప్పుడు రేడియోలో మొదటి రిపోర్టు ఇవ్వాలి (టెండర్ అంటే నీళ్లు మోసే ఫైరింజను, జీ ప్లస్ టూ అంటే కింది అంతస్తు, దాని మీద రెండు). ఇట్లా ఉండాలి: "కంట్రోల్, ఫస్ట్ టెండర్. జీ ప్లస్ టూ, కింద బట్టల దుకాణం, పైన కాపురాలు. షట్టర్ సందుల్లోంచి నల్లటి పొగ ఒత్తిడితో వస్తోంది. రెండో అంతస్తు బాల్కనీలో ముగ్గురు. నిచ్చెనతో దించుతున్నాం, మెట్ల దగ్గర ఒక హోస్ పెడుతున్నాం. ఇంకో టెండర్, అంబులెన్స్, కరెంటు వాళ్లు కావాలి. ఇన్‌చార్జి నేనే." చూసింది, చేస్తున్నది, కావలసింది, బాధ్యత ఎవరిది, నాలుగూ వచ్చాయి. చివరి ముక్కను చాలామంది మింగేస్తారు. రెండో టెండర్ వచ్చాక ఇద్దరు ఇన్‌చార్జులు ఎవరికి వారు హోస్ పరిచేది అందుకే.

రిపోర్టు అయ్యాక నీళ్ల లెక్క అడగండి. దీని మీద ఎక్కువ కాలం కూర్చోండి, ఎందుకంటే మన ఊళ్లలో రోడ్డు పక్కన హైడ్రెంట్ మీద ఆశ పెట్టుకునే పరిస్థితి లేదు. టెండర్లో ఉండేది 4,500 లీటర్లు. నాజిల్ వ్యాసం మిల్లీమీటర్లలో తీసుకుని దాన్ని దానితోనే గుణించి, మూడింట రెండు వంతులు చేసి, బార్లలో ఉన్న ఒత్తిడి వర్గమూలంతో గుణిస్తే నిమిషానికి ఎన్ని లీటర్లు పోతాయో వస్తుంది. 20 మిల్లీమీటర్ల నాజిల్, దాని దగ్గర 7 బార్లు ఉంటే 700 లీటర్ల పైమాటే. అంటే ఆరున్నర నిమిషాల్లోపు టెండర్ ఖాళీ. రెండో టెండర్ 15 నిమిషాల దూరంలో ఉంటే మధ్యలో తొమ్మిది నిమిషాలు చేతిలో ఉత్త గొట్టం. అదే 12.5 మిల్లీమీటర్ల నాజిల్ పెడితే నిమిషానికి 275 లీటర్లు, 16 నిమిషాలు వస్తుంది. ఏ నాజిల్ అనేది బ్రాంచ్‌మన్ ఇష్టం కాదని, ఇన్‌చార్జి తీర్పని ఈ ఒక్క లెక్కతో తలకెక్కుతుంది. అయితే మంట పెద్దదై నీళ్లు చాలని చోట సన్న ధార పొదుపు కాదు, దండగ. పది నిమిషాలు చల్లినా చల్లారని మంటను రెండు నిమిషాల పెద్ద ధార పడగొట్టొచ్చు. రెండూ చెప్పి వదలండి, ఎప్పుడు ఏది వాడాలో వాళ్లనే వాదించుకోనివ్వండి. పంపు గేజి మీద 7 కనిపిస్తే నాజిల్ దగ్గరా 7 ఉన్నట్టు కాదని, హోస్‌లో రాపిడికి కొంత, ఎక్కిన ఒక్కో అంతస్తుకు దాదాపు 0.3 బార్ పోతుందని డ్రైవర్ ఆపరేటర్‌తోనే చెప్పించండి. రెండో టెండర్‌ను మొదటి రిపోర్టులోనే అడగడం ఎందుకో వేరే చెప్పే పనుండదు.

తర్వాత షట్టర్. జనం గునపాలతో షట్టర్ ఎత్తేయడం, కిటికీ అద్దాలు పగలగొట్టడం మనం చేరేలోపే మొదలవుతుంది, "పొగ పోనియ్యాలె" అని. మూసి ఉన్న దుకాణంలో మంట చాలాసార్లు గాలి చాలక మగ్గుతూ ఉంటుంది. నురుగు దిండ్లు, పాలిస్టర్ బట్ట, ప్లాస్టిక్ కవర్ల నుంచి వచ్చిన పొగ కూడా ఇంధనమే. గాలి తగిలితే నిమిషాల్లో గది మొత్తం అంటుకుంటుంది. అమెరికాలో మంటల మీద పరీక్షలు చేసే ఎన్‌ఐఎస్‌టీ, యూఎల్ సంస్థలు న్యూయార్క్ ఫైర్ డిపార్ట్‌మెంటుతో కలిసి 2012లో గవర్నర్స్ ఐలాండ్‌లోని ఖాళీ ఇళ్లలో మంట పెట్టి కొలిచింది ఇదే: నీళ్లు పడకుండా తలుపు తెరిస్తే మంట పెరుగుతుంది, బయట నుంచి ముందుగా కాస్త నీళ్లు కొట్టి లోపలికి పోతే లోపలున్నవాళ్లకు మేలే. కాబట్టి వరుస ఇది. హోస్‌లో నీళ్లు నిండి బ్రాంచ్ దగ్గర మనిషి కూర్చున్నాకే షట్టర్ తాళాలు కొయ్యాలి. షట్టర్ రెండడుగులు లేపి, సన్న చినుకులుగా కాకుండా నిటారు ధారను కింద నుంచి సీలింగ్ వైపు 10, 15 సెకన్లు కొట్టాలి, అటూ ఇటూ గిరగిరా తిప్పకుండా. వెడల్పు స్ప్రే పెడితే అది గాలిని వెంటేసుకుని లోపలికి తోస్తుంది. షట్టర్ ఎత్తాక పక్క పట్టాలో క్లాంపో గునపమో బిగించనిదే ఎవరూ దాని కింద నుంచి దాటొద్దు. వేడికి వంగిన షట్టర్ జారి పడిందంటే లోపలికి పోయినవాళ్లకు తిరిగి వచ్చే దారి లేదు, హోస్ కూడా నలిగి నీళ్లు ఆగిపోతాయి. షట్టర్ సందుల్లో పొగ బయటికి వస్తూ మళ్లీ లోపలికి పీల్చుకుంటున్నట్టు కనిపిస్తే అసలు తెరవొద్దు. బ్యాక్‌డ్రాఫ్ట్, అంటే గాలి తగలగానే లోపలి పొగ పేలినట్టు అంటుకోవడం, దాని సూచన అది.

గాలి సంగతి మాటల్లో ఎక్కదు. ప్లైవుడ్‌తో మూడు, నాలుగడుగుల పెట్టె చేయించండి, లోపల రెండు గదులు, జరిపే చిన్న తలుపులు, ఒక మూల పైకి పోయే గొట్టం మెట్లదారిలాగ. ఆరుబయట, నీళ్లు నింపి సిద్ధంగా ఉన్న హోస్ రీల్ పక్కన పెట్టుకుని ఒక గదిలో అట్టముక్కలు అంటించండి. తలుపు మూస్తే మంట తగ్గడం, తెరిస్తే ఎగదన్నడం, మెట్ల గొట్టంలోకి పొగ పాకడం కళ్లారా చూస్తారు. ఇంత చాలు. పాడుబడ్డ ఇల్లు దొరికింది కదా అని డీజిల్ పోసి అంటించి మనుషులను లోపలికి పంపే శిక్షణ మాత్రం వద్దు.

మెట్లదారి మీద ఒక పూట పూర్తిగా ఖర్చు చేయండి. 2022 సెప్టెంబర్ 12న సికింద్రాబాద్ రూబీ లాడ్జిలో కింద ఎలక్ట్రిక్ బైకుల షోరూంలో పుట్టిన పొగ పైకెక్కి 8 మంది పోయారు. 2023 మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో పోయిన ఆరుగురిలో మన ఉమ్మడి వరంగల్ జిల్లా పిల్లలున్నారు, వాళ్లనూ పొగే తీసుకుంది. కింద దుకాణం, పైన కాపురం ఉన్న మన వీధుల్లో మొదటి హోస్ పోవాల్సింది మంటకూ మెట్లకూ మధ్యకు. దుకాణం నుంచి మెట్లలోకి తలుపు ఉంటే ముందు అది మూయించాలి. పైన మేడ తలుపు తాళం తీసే మనిషిని విడిగా పంపాలి. బాల్కనీలో కేకలు వేసేవాళ్లు కనిపిస్తారు, మెట్ల మలుపులో పడిపోయినవాళ్లు కనిపించరు. ఇద్దరినీ లెక్కలో పెట్టుకుంటేనే పని పంచడం వచ్చినట్టు. 10.5 మీటర్ల ఎక్స్‌టెన్షన్ నిచ్చెన రెండో అంతస్తు బాల్కనీకి చాలుతుంది, కాని పైన కరెంటు తీగలుంటే దాన్ని ఎక్కడ నిలబెట్టాలో ముందే చూసుకోవాలి. కరెంటు సంస్థ ఎన్‌పీడీసీఎల్ వాళ్లు లైను తీసేసినా ఇన్వర్టర్, మేడ మీది సోలార్ పలకల నుంచి కరెంటు వస్తూనే ఉంటుంది.

బీఏ సెట్ (పొగలో ఊపిరికి వీపున మోసే గాలి సిలిండర్, మాస్కు) లెక్క కూడా ఇన్‌చార్జిదే. 6 లీటర్ల సిలిండర్ 300 బార్ల దగ్గర 1,800 లీటర్ల గాలి. కష్టపడి పనిచేసే మనిషి నిమిషానికి 50 లీటర్ల పైనే పీలుస్తాడు, కాబట్టి పుస్తకంలో రాసిన 45 నిమిషాలు నమ్మొద్దు. 280 బార్లతో లోపలికి పోయి 50 నిల్వ ఉంచుకోవాలంటే, 165 దగ్గరే వెనక్కి తిరగాలి. గాలి తగ్గిందని సెట్ విజిల్ మోగాక తిరిగితే ఆలస్యమైనట్టే. పలక మీద పేరు, లోపలికి పోయిన టైము, బార్లు రాసే మనిషి తలుపు దగ్గర కదలకుండా ఉండాలి. మనుషులు చాలరని ముందు ఆ మనిషినే తీసేస్తుంటారు.

మన ప్రాంతంలో ఇంకో రెండు రకాల కట్టడాలకు వేరే సుద్దబొమ్మలు గీయాలి. ఒకటి జిన్నింగ్ మిల్లు, పత్తి గోదాము. రేకుల షెడ్డు ఇనుప ట్రస్సు 550 డిగ్రీలు దాటేసరికి బలం సగానికి పడిపోతుంది. 30 మీటర్ల దూలం 500 డిగ్రీలు వేడెక్కితే 18 సెంటీమీటర్లు సాగుతుంది, ఆ సాగుడు గోడను బయటికి తోస్తుంది. గోడ ఎత్తుకు ఒకటిన్నర రెట్ల దూరంలో ఎవరూ నిలబడకుండా గీత గీయించండి. బేళ్ల మీద పెద్ద ధార కొడితే నిప్పు పత్తి ఎగిరి ఇంకో చోట అంటుకుంటుంది, లోపల మాత్రం రోజుల తరబడి రాజుకుంటూనే ఉంటుంది. విడదీసి బయటికి లాగి తడపడం తప్ప దారి లేదు. మిల్లు సంపులో నీళ్లున్నాయా, పంపు అక్కడికి పోతుందా, సక్షన్ ఏడు మీటర్ల లోతు దాటుతుందా అన్నవి ముందుగా పోయి చూసి రాసుకోవాల్సినవి.

రెండోది వరంగల్ ఏనుమాముల మార్కెట్ చుట్టూ ఉన్న మిర్చి కోల్డ్ స్టోరేజీలు. కిటికీలు ఉండవు, గోడల్లో నురుగు పొర, శీతలీకరణలో అమ్మోనియా. కాలే మిర్చి పొగలో బీఏ లేకుండా తలుపు దాకా కూడా పోలేం. అమ్మోనియా ఆవిరి మీద గాలి వచ్చే వైపు నిలబడి కొట్టే నీటి స్ప్రే పనిచేస్తుంది, ద్రవం మడుగు మీద మాత్రం నీళ్లు పోయొద్దు, ఆవిరి ఇంకా పెరుగుతుంది. వాల్వులు తెలిసిన ఆపరేటర్‌ను పట్టుకోవడం అక్కడ మొదటి పని.

లోపలికి పోయి కొట్టడమా, బయటే ఉండి కాపాడటమా అన్న తీర్పు ప్రతి డ్రిల్‌లో గట్టిగా చెప్పించండి, ప్రతి పది నిమిషాలకూ మళ్లీ అడగండి. బయటికి మార్చుకుంటే అందరూ బయటికి, పేర్లు పిలిచి లెక్క, ఆ తర్వాతే పెద్ద ధార. లోపల మన సిబ్బంది ఉండగా బయట నుంచి పెద్ద ధార కొట్టడం కంటే పెద్ద తప్పు లేదు.

డ్రిల్ అయినా, నిజం మంట అయినా, ఆ పూటే కూర్చోండి. మాట అందరికంటే చిన్న ఫైర్‌మన్‌తో మొదలు కావాలి, ఇన్‌చార్జి చివర మాట్లాడాలి. పెద్దాయన ముందు నోరు విప్పితే మిగతావాళ్లంతా "అవును సార్" అనేసి లేచిపోతారు. "ఎవరిది తప్పు" అని అడగొద్దు. "ఆ నిమిషంలో నీకేం కనిపించింది, ఏమవుతుందనుకున్నావు" అని అడగండి. జవాబులు స్టేషన్ రిజిస్టర్‌లో ఆ వీధి పేరు కింద రాయించండి, వచ్చే వారం గీయబోయే సుద్దబొమ్మకు సరుకు అందులోంచే వస్తుంది.