ఆశ్రమంలో చేరబోతున్న చెల్లికి

సరళా,

నువ్వూ మరిదిగారూ వృద్ధాశ్రమంలో చేరడానికి నిర్ణయించుకున్నారని మీ పెద్దాడు ఫోన్ చేసి చెప్పాడు. గది ఎంత ఉంది, గీజరు పనిచేస్తుందా, డాక్టరు ఎప్పుడెప్పుడు వస్తాడు, ఇవన్నీ వాడే చూసుకుంటాడులే. మనుషుల సంగతి మాత్రం నీకెవరూ చెప్పరు, అందుకే ఈ ఉత్తరం. నేను మా ఆశ్రమంలో చాలా ఏళ్లుగా ఉంటున్నాను, కొత్తగా వచ్చినవాళ్లలో ఎవరు కుదురుకుంటున్నారో, ఎవరు గదికే అంటుకుపోతున్నారో చూస్తూనే ఉన్నాను. తేడా డబ్బులో లేదు, ఆరోగ్యంలో కూడా అనుకున్నంత లేదు. మొహమాటం వదిలి ఒక చిన్న సాయం అడగగలిగినవాళ్లే కుదురుకున్నారు.

ఇది నీకు కష్టమని తెలుసు. జన్మంతా ఒకరికి పెట్టడమే గానీ ఒకరిని అడిగి ఎరగవు. కానీ ఇక్కడ చేరిన ఆడవాళ్లందరూ అలాంటివాళ్లే కదా, ఎవరికి వాళ్లు "నాకేం అక్కర్లేదండీ" అని కూర్చుంటే ఒకరితో ఒకరికి పనే ఉండదు, పని లేకపోతే మాటా కలవదు. వెళ్లిన రోజే పక్కగది ఆవిడని సూదిలో దారం ఎక్కించిపెట్టమని అడుగు, మందుల అట్ట మీద తేదీ చదివిపెట్టమను. ఒకటి రెండు రోజుల్లో ఆవిడే ఏదో పని మీద నీ తలుపు తడుతుంది. పండగలకి పెట్టే ఆటపాటల ప్రోగ్రాములు మంచివే, వెళ్లు, కాదనను, కానీ చప్పట్లు కొట్టేసి ఎవరి గదికి వాళ్లు వెళ్లిపోతారు.

ఒంట్లో బాగాలేకపోతే తప్ప భోజనం గదికి తెప్పించుకోకు. ఆయాలు ప్రేమకొద్దీ "పైకి తెచ్చేయమంటారా అమ్మా" అంటారు, రెండుసార్లు సరే అన్నావంటే ఇక కిందికి దిగబుద్ధి కాదు. హాల్లో రోజూ ఒకే వేళకి, ఒకే చోట కూర్చో, అయితే మొదటి రోజు మాత్రం "ఇక్కడెవరైనా కూర్చుంటారా" అని అడిగి కూర్చో, ఎందుకంటే ఎవరి కుర్చీ వాళ్లకి ప్రాణం, దాని మీద పెద్ద గొడవలే అయ్యాయి.

టిఫిన్ అయ్యాక వంటగది వైపు వెళ్లు. మా దగ్గర ఆ వేళకి వంటావిడ గోంగూర కట్టలు వరండాలో పరిచేస్తుంది, నలుగురైదుగురం చేరి ఆకు గిల్లుతాం. చేతిలో పని ఉంటే ఎవరి మొహంలోకి వాళ్లు చూడక్కర్లేదు, మధ్యలో మాట ఆగిపోయినా ఇబ్బందిగా ఉండదు, నీకు ఎవరి కడుపులో బాధ తెలిసినా అక్కడే తెలుస్తుంది. మీ దగ్గర అలాంటిది లేకపోతే మేనేజరుని అడిగి మొదలుపెట్టించు. చిక్కుడుకాయలకి ఈనెలు తీయడమైనా చాలు.

పిల్లలు ఎందుకు చేర్పించారని ఎవరినీ అడగొద్దు. "మీరేవిట్లు" అని కులం కూడా అడగొద్దు, ఆ ప్రశ్నతో భోజనాల బల్లలే విడిపోయాయి, నాకు అది చూస్తే ఇప్పటికీ మండుతుంది. నీ కోడలి సంగతులు మొదట్లోనే ఎవరికీ చెప్పకు, పొద్దున్న చెబితే సాయంత్రం కాఫీ వేళకి అందరికీ తెలిసిపోతుంది.

ఇక నీ చెవుల సంగతి. ఫోన్‌లో నేను ఒకటంటే నువ్వొకటి చెబుతున్నావు, పోయినసారి గమనించాను. చేరకముందే ఈఎన్‌టీ డాక్టరుకి చూపించుకుని పరీక్ష చేయించుకో. స్టీలు కంచాల చప్పుడులో మాట వినపడక, రెండుమూడుసార్లు "ఆఁ? ఏంటీ?" అని, ఆ తర్వాత ఊరికే నవ్వి తలూపి, చివరికి హాలుకి రావడమే మానేసినవాళ్లున్నారు. వాళ్లకి పొగరని పక్కవాళ్లు అనుకుంటారు. మతిమరుపు జబ్బుకి దోహదం చేసే, మనం మార్చుకోగలిగిన కారణాలు 14 అని లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ 2024లో చెప్పింది. వాటిలో వినికిడి తగ్గడం ఒకటి, మనుషులకి దూరంగా ఉండడం ఇంకొకటి, ఇక్కడ మాత్రం మొదటిదే రెండోదాన్ని తెచ్చిపెడుతోంది. డాక్టరు చెవి మిషన్ పెట్టుకోమంటే పెట్టుకో. మొదట్లో గిన్నెల చప్పుడు, ఫ్యాన్ మోత అన్నీ పెద్దగా వినిపించి చిరాకేస్తుంది, దాన్ని తీసి డ్రాయర్లో పడేయకుండా మళ్లీ వెళ్లి సౌండ్ సరిచేయించుకో, అలవాటు పడడానికి కొన్ని వారాలు పడుతుంది. హాల్లో గోడకి వీపు పెట్టి కూర్చుంటే వెనక గోల తగ్గుతుంది. ఎదురుగా ఉండి మెల్లగా మాట్లాడమని అడుగు, అరవక్కర్లేదని కూడా చెప్పు.

మరిదిగారి గురించే నాకు ఎక్కువ బెంగ. మీ ఇద్దరూ ఒకరికొకరు చాలనుకుని తలుపు వేసుకుంటే, రేపు ఇద్దరిలో ఒకరే మిగిలినప్పుడు పలకరించే దిక్కుండదు. మగవాళ్లు ఊరికే వెళ్లి ఎవరి పక్కనా కూర్చోలేరు, ఏదో ఒక పని చేతిలో పెట్టాలి. ఆయన బ్యాంకులో చేసిన మనిషి కదా, నవంబరు వస్తే ఆశ్రమంలో పెన్షనర్లందరికీ, బతికే ఉన్నామని ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్ టెన్షనే. ఇప్పుడు జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ సర్టిఫికెట్‌ని ఫోన్‌లోనే ముఖం చూపించి చేసుకోవచ్చు, ఆ పని ఆయన నేర్చుకుని కూర్చుంటే చాలు, ఆ నెలంతా ఆయన చుట్టూ మనుషులే. మిగతా రోజుల్లో చూపు ఆననివాళ్లకి పేపరు చదివి వినిపించమను.

ఇంకో మాట, చెప్పకుండా ఉండలేను. ఆశ్రమంలో ఎవరైనా పోతే రాత్రికి రాత్రే మంచం ఖాళీ చేసేస్తారు, పొద్దున్నే ఎవరూ ఆ పేరు ఎత్తరు. నువ్వు అలా ఉండకు. పోయినావిడతో ఒకే గదిలో ఉన్న మనిషి దగ్గరికి వెళ్లి కూర్చో, పోయినావిడ గురించే మాట్లాడు.

డిపాజిట్ కట్టే ముందు నాలుగు రోజులు ఉండి చూస్తామని అడగండి, చాలాచోట్ల గెస్ట్ రూముల్లో ఉండనిస్తారు. ఉన్నప్పుడు సాయంత్రం కాఫీ అయ్యాక ఒక అరగంట హాల్లోనే కూర్చో. కప్పులు తీసేశాక కూడా జనం అక్కడే కబుర్లాడుతూ ఉంటే చేరిపో. అందరూ లేచి గదుల్లోకి వెళ్లి టీవీలు పెట్టుకుంటుంటే, గదులు ఎంత బాగున్నా సరే, ఇంకోచోటు చూడమని పెద్దాడికి చెప్పు. మొహమాటపడి ఊరుకోకు, వాడితో నేను మాట్లాడతాను.

మీ అక్కయ్య